మట్టి ట్రాకుల చరిత్ర – 9: అనుమానం ఇంజన్‌లోకి చేరిన కాలం

అమెరికాలో స్ప్రింట్ కార్ల పందెం ముగిసిన రాత్రి పిట్‌లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: గెలిచినవాడి ఇంజన్‌లో ఏదో ఉంది. ఓడినవాళ్ళ ఏడుపు అని కొందరు దాన్ని కొట్టిపారేస్తారు. పందెం అన్నాక మోసం ఉండక తప్పదని ఇంకొందరు సరిపెట్టుకుంటారు. రెండు వర్గాలూ మనుషుల గుణం దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ ఆట చరిత్రను వరసగా చూస్తే అనుమానానికి మూలం వేరే చోట, నిబంధనలు రాసే బల్ల దగ్గర కనిపిస్తుందని నా వాదన. ఇంజన్ ఖర్చు తగ్గించాలని రాసిన ప్రతి నిబంధనా తనిఖీ చేయాల్సిన కొత్త చోటు ఒకటి పుట్టించింది. ఆ చోటును అదే రాత్రి, అందరి ఎదుటా, కొద్దిపాటి ఖర్చుతో కొలవగలిగినప్పుడు గెలుపు మీద నమ్మకం నిలిచింది. కొలవలేనప్పుడు పుకారే తీర్పరి అయింది.

విచిత్రం ఏమిటంటే, ఈ పందేల తొలి రోజుల్లో ఇంజన్‌ను ఎవరూ అనుమానించలేదు. ఇంటర్నేషనల్ మోటార్ కాంటెస్ట్ అసోసియేషన్, అందరూ ఐఎమ్‌సీఏ అని పిలిచే సంస్థ, 1915లో పుట్టింది. దాన్ని నడిపించినవాడు జె. అలెక్స్ స్లోన్. పల్లె జిల్లాల సంతల్లో గుర్రప్పందేల కోసం వేసిన అరమైలు మట్టి బాటలే దాని రంగస్థలం. అక్కడ చాలా పందేల్లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయమై ఉండేది. డ్రైవర్లకు ప్రమోటరే జీతమిచ్చేవాడు, గెలుపోటములు ప్రదర్శనలో భాగం. దీనికి హిప్పోడ్రోమింగ్ అని పేరు. సంత సంతకూ ఒక 'ప్రపంచ రికార్డు' బద్దలయ్యేది, గడియారం పట్టుకున్నవాడు సంస్థ మనిషే కాబట్టి. 1922లో సిగ్ హౌగ్డాల్ డేటోనా బీచ్ ఇసుక మీద విమానం ఇంజన్ బిగించిన కారుతో గంటకు 180 మైళ్ళు దాటాడని ఐఎమ్‌సీఏ చాటింది. పోటీ సంస్థ ట్రిపుల్‌ఏ దాన్ని గుర్తించనే లేదు. ఆ కారు నిజంగా ఎంత వేగం పోయిందన్నది ఈనాటికీ చరిత్రకారుల చర్చ. అప్పట్లో అనుమానమంతా స్టాప్‌వాచ్ మీద. పందెం నిజమైన పోటీగా మారి, గెలిచినవాడికే డబ్బు దక్కడం మొదలైన తరవాతే అది ఇంజన్ కప్పు కిందికి చేరింది. అంటే సాంకేతిక మోసం మీద గోల పెరగడం ఆట చెడిపోయిందనడానికి గుర్తు కాదు. పోటీ నిజమైందనడానికి గుర్తు. ఈ విషయం మరిచిపోయి 'పాతకాలంలో అంతా నిజాయితీగా ఉండేది' అనేవాళ్ళు ఆ పాతకాలం కాగితాలు తిరగేయలేదు.

ఇక ఖర్చు సంగతి. 1920లలో హ్యారీ మిల్లర్ లాస్ ఏంజెలెస్‌లో చేసిన రేసు ఇంజన్లు నగల పనితనంతో ఉండేవి, ధర కూడా అలాగే ఉండేది. ఇండియనాపొలిస్ రేసు ట్రాకు యజమాని ఎడ్డీ రికెన్‌బాకర్ 1930 నుంచి నిబంధనలు మార్పించాడు. ఇంజన్ పరిమాణాన్ని 91.5 ఘనపుటంగుళాల నుంచి 366కు పెంచి, సూపర్‌ఛార్జర్లను తీసేయించి, మామూలు కార్ల కంపెనీలు తక్కువ ఖర్చుతో బరిలోకి దిగేలా చేశాడు. గిట్టనివాళ్ళు దానికి 'జంక్ ఫార్ములా' అని పేరు పెట్టారు. మాంద్యం వల్ల వచ్చిన మార్పని చాలాచోట్ల చదువుతాం గాని, 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలకముందే అది ఖరారైంది. మిల్లర్ 1933లో దివాలా తీశాక ఆయన పనివాడు ఫ్రెడ్ ఆఫెన్‌హౌజర్ ఆ వ్యాపారాన్ని అందుకున్నాడు. ఆయన పేరుతో వచ్చిన నాలుగు సిలిండర్ల 'ఆఫీ' ఇంజన్ తరవాతి పాతికేళ్ళు చిన్న ట్రాకులనూ పెద్ద ట్రాకులనూ ఏలింది. ఆఫీ ఉన్నవాడు, లేనివాడు అని పిట్ రెండు వర్గాలుగా చీలింది. ఆ గోడను పడగొట్టింది ఏ నిబంధనా కాదు. 1955లో షెవర్లే మామూలు కార్ల కోసం తెచ్చిన 265 ఘనపుటంగుళాల చిన్న వీ8. పాత సామాన్ల కొట్లో దొరికే ఇంజన్, దానికి ఊరి మెకానిక్ చేతిపని, అంతే. పదేళ్ళలో ఆఫీ మట్టి ట్రాకుల మీద పాతబడింది.

అయితే చౌక ఇంజన్ ఎంతోకాలం చౌకగా ఉండలేదు. మొదట పిస్టన్లు మార్చారు, తరవాత క్రాంకు, ఆ తరవాత హెడ్లు. 1970లు ముగిసేనాటికి ఎడ్ డొనొవన్ లాంటివాళ్ళు షెవర్లే నమూనాలోనే పూర్తిగా అల్యూమినియం బ్లాకు పోతపోసి అమ్ముతున్నారు. ఈనాటి స్ప్రింట్ ఇంజన్‌ను అలవాటు కొద్దీ 'షెవీ' అంటారు గాని, అందులో షెవర్లే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగం ఒక్కటీ లేకపోవచ్చు. ఈ మార్పంతా మోసం చేసి జరగలేదు. ప్రతి అడుగూ నిబంధన ఒప్పుకున్నదే. సమస్య అంతా అక్కడే ఉంది. ఒప్పుకున్న దానికీ ఒప్పుకోని దానికీ మధ్య గీత ఇంజన్ లోపల ఎవరికీ కనిపించని చోట పడింది.

ఆ గీత దాటినవాణ్ణి పట్టుకునే హక్కు అసలు ఎవరికుంది? ఈ ప్రశ్న తేలింది స్ప్రింట్ కార్లలో కాదు, వాటి దాయాది అయిన నాస్కార్ మొట్టమొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్, అంటే మార్పులు చేయని మామూలు కార్ల, పందెంలో. 1949 జూన్ 19న షార్లట్‌లో గ్లెన్ డనవే ముందుగా ముగింపు గీత దాటాడు. తనిఖీలో ఆ కారు వెనక స్ప్రింగులు మార్చినట్టు బయటపడింది. దొంగసారా రవాణా చేసేవాళ్ళు బరువు మోస్తూ మలుపుల్లో అదుపు తప్పకుండా చేయించుకునే మార్పు అది. గెలుపు జిమ్ రోపర్‌కు పోయింది. కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌లాండ్ 10 వేల డాలర్ల దావా వేశాడు. నిబంధనలు పెట్టుకుని అమలు చేసుకునే హక్కు సంస్థకు ఉందంటూ కోర్టు దాన్ని కొట్టేసింది. అమెరికాలో ఊరూరా ఉన్న చిన్న ట్రాకుల ఇన్‌స్పెక్టర్లు ఈనాడు బోనెట్ ఎత్తమని అడిగే ధైర్యం వెనక ఇలాంటి తీర్పుల బలం ఉంది. ఒక సంగతి గమనించాలి. ఆ రోజు పట్టుబడింది కంటికి కనిపించే స్ప్రింగు. చూపించగలిగారు కాబట్టే తీర్పు నిలిచింది.

స్ప్రింట్ కార్లు ఇందుకు పూర్తిగా ఎదురు దారి ఒకటి తొక్కాయి. 1978లో టెడ్ జాన్సన్ వరల్డ్ ఆఫ్ ఔట్‌లాస్ అనే పోటీల వరసను మొదలుపెట్టాడు. తొలి పందెం మార్చి 18న టెక్సస్‌లోని డెవిల్స్ బౌల్ ట్రాకులో జరిగింది, గెలిచింది జిమ్మీ బాయిడ్. పాత సంస్థ యూసాక్ కారు మీద బిగించే రెక్కలను ఒప్పుకునేది కాదు, ఇంజన్ పరిమాణానికి హద్దు పెట్టేది. ఔట్‌లాస్ నిబంధనలు మాత్రం పలచన. డబ్బు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి పోయే డ్రైవర్లు, రెక్కలతో, తమకు చేతనైనంత పెద్ద ఇంజన్లతో వచ్చారు. నిషేధం లేనిచోట మోసం ఎలా ఉంటుంది? తర్కంగా చూస్తే అనుమానం చచ్చిపోవాలి. కొంతవరకూ చచ్చిపోయింది కూడా. కాని ఇండియానాలోని బ్లూమింగ్టన్ నుంచి వచ్చిన స్టీవ్ కిన్సర్, ఆయన మెకానిక్ కార్ల్ కిన్సర్ వరసగా గెలుస్తూ పోయారు. స్టీవ్ కెరీర్ ముగిసేనాటికి లెక్క 20 ఔట్‌లాస్ టైటిళ్ళు, 12 నాక్స్‌విల్ నేషనల్స్ గెలుపులు. ఇంతలా గెలిచేవాడి మీద గుసగుసలు పుట్టకుండా ఉంటాయా? ఆ గుసగుసలకు దీటుగా నిలిచే రుజువు మాత్రం ఏదీ చరిత్రలో లేదు. కనిపించేదల్లా ఒక మెకానిక్ ఏళ్ళ తరబడి పట్టుదలతో చేసిన పని, ఒక డ్రైవరుకు మట్టి మీద ఉన్న పట్టు. స్వేచ్ఛ ఇచ్చినా అనుమానం పూర్తిగా పోదని, అయితే దానికి ఆధారం లేకుండా పోతుందని ఈ ఉదాహరణ చెబుతుంది. ఇది చిన్న లాభమేమీ కాదు.

కాని స్వేచ్ఛకు బిల్లు వచ్చింది. హద్దు లేనప్పుడు ఇంజన్లు పెరుగుతూ పోయాయి, చివరికి 410 ఘనపుటంగుళాల దగ్గర గీత గీయక తప్పలేదు. మనం వాడే సీసీ లెక్కలో అది 6,700 పైచిలుకు. మెథనాల్ తాగే ఈ వీ8 సుమారు 900 హార్స్‌పవర్ ఇస్తుంది. దాన్ని మోసే కారు డ్రైవరుతో కలిపి 1,400 పౌండ్ల చిల్లర, అంటే 640 కిలోల చుట్టూ. బ్యాటరీ లేదు, స్టార్టర్ లేదు, వెనక నుంచి ట్రక్కు నెడితేనే అంటుకుంటుంది. కొత్త 410 ఇంజన్ ఒక్కటే ఈనాడు 60 వేల డాలర్లకు పైమాటే, మన లెక్కలో అరకోటి రూపాయలు. పది పదిహేను రాత్రులకు ఒకసారి విప్పి సరిచేయించాలి. ఔట్‌లాస్ మామూలు రాత్రి గెలిచినవాడికి దక్కేది 10 వేల డాలర్ల చిల్లర. ఊరి ట్రాకులో వారంవారం గెలిచేవాడికి అందులో సగం కూడా దక్కకపోవచ్చు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే, అనుమానం అంత తీవ్రంగా ఎందుకుంటుందో అర్థమవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి ఇంజన్ కొన్నవాడికి పక్కవాడి మోసం పరువు సంగతి కాదు, అప్పు సంగతి.

అయినా 410 తరగతిలో తనిఖీ మీద నమ్మకం ఎక్కువే. కారణం, కొలవాల్సినవి కొద్ది, కొలిచే పద్ధతి బాహాటం. బరువు కాటా మీద తేలుతుంది. పై రెక్క పాతిక చదరపు అడుగులు మించిందో లేదో టేపు చెబుతుంది. ఇంధనంలో నైట్రోమీథేన్ లాంటివి కలిపారేమో చూడ్డానికి సాంద్రత కొలిచే గాజుబుడ్డి చాలు, పాలకేంద్రంలో నీళ్ళ పాలు పట్టే లాక్టోమీటరుది కూడా ఇదే సూత్రం. ఇంజన్ పరిమాణం కొలిచే పని దగ్గరుండి చూడదగ్గది. ఒక సిలిండర్ స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గొట్టం బిగిస్తారు. ఆ సిలిండర్ వాల్వులు తెరుచుకోకుండా రాకర్లు వదులు చేస్తారు. క్రాంకును నెమ్మదిగా తిప్పుతుంటే పిస్టన్ గాలిపంపులా పనిచేసి గాలిని పరికరంలోకి నెడుతుంది. ఎంత గాలి వచ్చిందో అంకెల గొట్టం మీద కనిపిస్తుంది. దాన్ని ఎనిమిదితో హెచ్చిస్తే లెక్క తేలిపోతుంది. 410 అంటే ఒక్కో సిలిండర్‌కు 51.25. ఇంజన్ వేడిగా ఉంటే ఆ మేరకు సవరిస్తారు. ఇందులో వాదనకు చోటు లేకపోలేదు. నాలుగంగుళాల పైచిలుకు బోరు అంగుళంలో నూరోవంతు, అంటే పావు మిల్లీమీటరు పెరిగితే, మొత్తం దాదాపు రెండు ఘనపుటంగుళాలు పెరుగుతుంది. అరిగిన బోరును మళ్ళీ కొట్టించినవాడికీ కావాలని పెంచినవాడికీ తేడా ఆ పావు మిల్లీమీటరులోనే ఉంది. అందుకే నిబంధనల్లో కొంత సడలింపు పెడతారు. ఎంతైనా ఇది ఇంజన్ విప్పకుండా, అక్కడున్నవాళ్ళంతా చూస్తుండగా, కొద్ది నిమిషాల్లో తేలే పని.

కొలత సరిగా ఉండి శిక్ష తడబడితే ఏమవుతుందో చెప్పడానికి 1983 అక్టోబరులో షార్లట్‌లో జరిగినదే నిదర్శనం. రిచర్డ్ పెట్టీ గెలిచాక ఆయన ఇంజన్ కొలిస్తే 358 ఉండాల్సింది 381.983 తేలింది. నాస్కార్ 35 వేల డాలర్ల జరిమానా వేసింది, 104 పాయింట్లు కోసింది, గెలుపును మాత్రం ఆయన పేరునే ఉంచింది. పెట్టీ మొత్తం 200 గెలుపుల లెక్కలో అది 198వది. ప్రేక్షకుడు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరు గెలిచారో తెలిసి వెళ్ళాలన్నది అప్పటి విధానం. దానికీ ఒక న్యాయం ఉంది, టికెట్టు కొన్నవాడి న్యాయం. కాని రెండో స్థానంలో వచ్చినవాడి న్యాయం గాలికిపోయింది. 2019లో గాని నాస్కార్ ఆ విధానాన్ని పూర్తిగా వదులుకోలేదు. చిన్న మట్టి ట్రాకుల ఇబ్బంది ఇంకా పెద్దది. జనాన్ని లాక్కొచ్చే డ్రైవరును బహిష్కరిస్తే వచ్చేవారం గ్యాలరీ పలచబడుతుంది. ప్రమోటర్ చేతిలోనే తనిఖీ ఉన్నంతకాలం ఈ ఒత్తిడి తప్పదు.

ఖర్చు భరించలేనివాళ్ళ కోసం పుట్టిన తరగతుల దగ్గర నా వాదన అసలు పరీక్షకు నిలుస్తుంది. 1992లో ఎమ్మెట్ హాన్ మొదలుపెట్టిన అమెరికన్ స్ప్రింట్ కార్ సిరీస్ 360 ఘనపుటంగుళాల తరగతిని నిలబెట్టింది. హెడ్లు ఫలానా నమూనావే ఉండాలని కట్టడి చేసింది. వర్జీనియాలో ఫ్రెంచ్ గ్రైమ్స్ రేస్‌సేవర్ పేరుతో 305 తరగతిని తెచ్చాడు. ఇంజన్‌కు ముద్రలు వేసి, ఒకే నిర్దేశం ప్రకారం చేసిన హెడ్లు పెట్టించి, 410 ధరలో చిన్న భాగానికే స్ప్రింట్ కారు నడిపే వీలు కల్పించాడు. ఇంకా కిందికి వెళ్తే జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలోనే బిగించి, తల తెగిపోయే బోల్టులతో మూసి పంపే 602 లాంటి క్రేట్ ఇంజన్లు. కెనడాలోని ఓస్వేకెన్ లాంటి చోట్ల స్ప్రింట్ కార్లలోనూ అవి నడుస్తున్నాయి. ఇవన్నీ మంచి ఉద్దేశంతో పుట్టినవి, వేలమందిని ఆటలో నిలిపాయి. కాని ఒక్కో మెట్టు దిగేకొద్దీ కొలవాల్సినవి పెరిగాయి. 410లో వాల్వులను తెరిచే కామ్ ఏదైనా వాడొచ్చు, ఎవరికీ అక్కర లేదు. సీలు వేసిన ఇంజన్‌లో కామ్, వాల్వు స్ప్రింగు, హెడ్డు లోపలి దారుల నున్నదనం, అన్నీ నేరానికి చోట్లే. అక్కడ మనం నమ్మేది కొలతను కాదు, బోల్టును. బోల్టుకు నకిలీ వచ్చింది. సంస్థలు నంబర్లున్న తీగ ముద్రలు తెచ్చాయి. ఆ ముద్ర వేసే అధికారమున్న రిపేరు షాపు మీదికి అనుమానం మళ్ళింది. చౌక ఇంజన్ తరగతుల్లో గోల ఎక్కువ ఉండడానికి అక్కడివాళ్ళు ఎక్కువ మోసగాళ్ళని అర్థం కాదు. అక్కడి నిబంధన కంటికి కనిపించని దాన్ని నిషేధించింది.

దీనికి మందు, సంస్థ పుట్టిన అరవై పైచిలుకు ఏళ్ళకు, అదే ఐఎమ్‌సీఏ దగ్గర దొరికిందని కొందరంటారు. కీత్ నాక్ ఆ పాత పేరును కొని, 1979లో అయోవాలోని వింటన్‌లో మాడిఫైడ్ కార్లతో కొత్త తరగతి మొదలుపెట్టినప్పుడు క్లెయిమ్ నిబంధన పెట్టాడు. పందెం అవగానే, ముందు వరసలో ముగించిన ప్రత్యర్థి కొన్ని వందల డాలర్లు చెల్లించి గెలిచినవాడి ఇంజన్‌ను ఊడదీసుకుపోయే వీలుండేది. ఇవ్వనంటే ఆ రాత్రి సంపాదన పోయేది. అరవై వేల ఇంజన్ పెట్టుకొచ్చే సాహసం ఇక ఎవరు చేస్తారు? తనిఖీ అక్కర్లేకుండానే ఖర్చును అదుపు చేసే ఈ ఆలోచన నిజంగా మెచ్చదగ్గది, ఆ తరగతి దేశమంతా పాకడానికి అదొక కారణం. లోపాలూ ఉన్నాయి. స్నేహితులు ఒకరి ఇంజన్ ఒకరు అడగకూడదని లోలోపల ఒప్పందాలు చేసుకుంటారు. పాత పగ తీర్చుకోవడానికి మామూలు ఇంజన్‌నే లాక్కునేవాళ్ళూ ఉంటారు. పైగా 410 లాంటి తరగతిలో ఇది నడవదు. ఏళ్ళ శ్రమను వందల డాలర్లకు వదులుకోమంటే నైపుణ్యానికే జరిమానా వేసినట్టవుతుంది. పనిచేయగలిగేది అడుగు మెట్టు మీదే.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. కొలవగలిగే నిబంధనలే ఉంచితే మోసం కొలవలేని చోటికి పోదా? పోతుంది, పోయింది కూడా. ఇంజన్ మీద కాపలా పెరిగాక టైర్లను రసాయనాల్లో నానబెట్టి మెత్తబరచడం, ఇగ్నిషన్ వైర్ల మధ్య చిన్న పరికరం దాచి చక్రం జారకుండా చూసుకోవడం పుకార్లలో ముందుకొచ్చాయి. టైరు ముక్క కోసి ల్యాబుకు పంపి, కంపెనీ ఇచ్చిన అసలు రబ్బరు నమూనాతో పోలుస్తారు. ఫలితం వారాల తరవాత వస్తుంది. ఈలోగా ట్రోఫీ ఒకరింట్లో, అనుమానం అందరి ఇళ్ళలో. ట్రాకు మీద చల్లిన దుమ్ము మందో, కారిన నూనో టైరుకు అంటుకుందని డ్రైవరు వాదిస్తే పూర్తిగా తోసిపుచ్చడమూ కష్టమే. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పాలి. ఇక్కడ కూడా సులువుగా తేలే దారులు ఉన్నాయి. పందెం రోజున టైర్లను సంస్థే గుర్తు వేసి అందించడం, ఇగ్నిషన్ పెట్టెలను డ్రా తీసి కార్ల మధ్య మార్పించడం లాంటివి రుజువు వెతకాల్సిన అవసరాన్నే తగ్గిస్తాయి. శ్రమ పడాల్సింది దొంగను పట్టడంలో కంటే దొంగతనానికి చోటు మూయడంలో.

ఇక అనుమానించేవాడి బాధ్యత. చాలా ట్రాకుల్లో ప్రొటెస్ట్ నిబంధన ఉంది. పక్కవాడి ఇంజన్ విప్పాలని కోరేవాడు ముందు డబ్బు కట్టాలి. ఇంజన్ సరైనదైతే ఆ సొమ్ము గాస్కెట్లకూ మళ్ళీ బిగించే కూలికీ యజమానికి పోతుంది. కాకపోతే కట్టినవాడికి తిరిగొస్తుంది. డబ్బు కట్టమనగానే సగం ఆరోపణలు ఆవిరవుతాయి, మిగిలిన సగానికి ఆ రాత్రే జవాబు దొరుకుతుంది. పేదవాడు కట్టలేడు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే గెలిచిన మొదటి ముగ్గురి ఇంజన్ పరిమాణం ప్రొటెస్ట్ లేకుండానే ప్రతివారం సంస్థే కొలవాలి, బరువుతో పాటు ఆ అంకెనూ ఫలితాల పట్టికలో అచ్చువేయాలి. కొలిచే పరికరం ట్రాకులో ఉంది, మనిషి ఉన్నాడు, కాగితం ఎలాగూ అచ్చవుతోంది. ఇంత ఉండీ 'తనిఖీలో నెగ్గింది' అన్న ఒక్క ముక్కతో సరిపెట్టి, కొలత ఎంతో చెప్పని ట్రాకులు తమ మీద పడే పుకార్లకు డ్రైవర్లను తప్పుపట్టలేవు.